తక్రం, ఉదశ్విత్, మథితం: నీళ్లెన్ని పోస్తే ఏ పేరు?

పెద్దలకు, పిల్లలకు నమస్కారం. వేదిక ఎక్కేముందు నాకో గ్లాసు మజ్జిగ ఇచ్చారు. అల్లం దంచి వేశారు, కరివేపాకు నలిపి వేశారు, ఈ ఎండలో ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు నేను తాగినదాన్ని ఏమని పిలవాలి? మజ్జిగ అనాలా, చల్ల అనాలా, నీరుమజ్జిగ అనాలా? ఈ గంటసేపూ నేను మాట్లాడబోయేది ఆ ఒక్క ప్రశ్న గురించే. పాత నిఘంటువులు పలచన చేయడానికి సంబంధించిన మాటలకు ఏ అర్థాలు చెప్పాయో చూడాలని కొన్నేళ్లుగా పని పెట్టుకున్నాను. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దిగినకొద్దీ లోతు తగులుతోంది.

మా తరంలో కొందరైనా అమరం వల్లె వేసినవాళ్లున్నారు. ఇక్కడ ముందు వరసలో ఇద్దరు ముగ్గురు తల ఊపుతున్నారు కూడా. అమరసింహుడు రాసిన సంస్కృత నిఘంటువది, నామలింగానుశాసనం అని అసలు పేరు, అమరకోశం అని వాడుక పేరు. అందులో రెండో కాండం, వైశ్యవర్గం. వ్యవసాయం, పశువులు, వంట, కొలతలు, బేరసారాలు, ఇంటికీ అంగడికీ కావలసిన మాటలన్నీ అక్కడున్నాయి. అందులో ఈ రెండు పంక్తులు వినండి:

దండాహతం కాలశేయమరిష్టమపి గోరసః
తక్రం హ్యుదశ్విన్మథితం పాదాంబ్వర్ధాంబు నిర్జలమ్

మొదటి పంక్తిలో నాలుగు పేర్లు. కర్రతో కొట్టినది కాబట్టి దండాహతం. ఆ కర్ర మన కవ్వమే. కలశిలో, అంటే కుండలో చేసేది కాబట్టి కాలశేయం. తర్వాత అరిష్టం. ఇక్కడ చాలామంది ఉలిక్కిపడతారు. అరిష్టం అంటే కీడు కదా, మజ్జిగకు ఆ పేరేమిటి అని. రిష్టం అంటే హాని, హాని చేయనిది అరిష్టం. అదే అమరంలో పురిటిగదికీ అరిష్టమనే పేరుంది. నానార్థాల దగ్గర అమరసింహుడే ఈ మాటకు శుభమూ అశుభమూ రెండూ అర్థాలేనని చెప్పాడు. మనం అశుభాన్ని ఉంచుకుని శుభాన్ని పారేసుకున్నాం. ఇక నాలుగోది గోరసం.

రెండో పంక్తి దగ్గర కాసేపు ఆగుదాం. మూడు పేర్లు వరసగా చెప్పాడు: తక్రం, ఉదశ్విత్, మథితం. వెంటనే మూడు కొలతలు అదే వరసలో చెప్పాడు: పాదాంబు, అర్ధాంబు, నిర్జలం. మొదటి పేరుకు మొదటి కొలత, రెండోదానికి రెండోది, మూడోదానికి మూడోది. నాలుగో వంతు నీళ్లున్నది తక్రం. సగం నీళ్లున్నది ఉదశ్విత్. నీళ్లసలు లేకుండా చిలికినది మథితం. ఒక్క పంక్తిలో మూడు పానీయాలు, మూడు పాళ్లు. వంట పుస్తకాల్లోనైనా ఇంత పొదుపుగా రాయలేరు.

మన పాత కొలతల్లో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. నాలుగు గిద్దలు ఒక సోల. మూడు గిద్దల పెరుగు చిలికి గిద్దెడు నీళ్లు పోస్తే సోలెడు తక్రం. రెండు గిద్దల పెరుగుకు రెండు గిద్దల నీళ్లయితే సోలెడు ఉదశ్విత్. ఇక్కడో తగువుంది. పాదం అంటే మొత్తంలో నాలుగో వంతా, పెరుగులో నాలుగో వంతా? పెరుగులో నాలుగో వంతంటే నాలుగు గిద్దల పెరుగుకు ఒక గిద్ద నీళ్లు పోయాలి. నేను రెండు విధాలా చేసి చూశాను. నాలుకకు తేడా పెద్దగా తెలియలేదు. అయినా మొత్తంలో నాలుగో వంతన్న లెక్కే నాకు సబబుగా తోస్తుంది. ఎందుకంటే పక్కనున్న అర్ధాంబు మొత్తంలో సగం అనే కదా అర్థం. ఒక పంక్తిలో రెండు లెక్కలు రెండు రకాలుగా ఉండవు.

పాత పుస్తకాలన్నీ ఒకే మాట మీద ఉన్నాయని మాత్రం అనుకోకండి. సుశ్రుత సంహిత అనే ఆయుర్వేద గ్రంథంలో, సూత్రస్థానమనే భాగంలో, ద్రవపదార్థాల గురించి చెప్పే అధ్యాయంలో, తక్రానికి సగం నీళ్లని ఉంది. అమరానికి పావు, సుశ్రుతానికి సగం. అంటే అమరుడు ఉదశ్విత్ అన్నది సుశ్రుతుడికి తక్రం. ఒకాయన వైద్యం చూస్తున్నాడు, ఒకాయన మాటల అర్థం చూస్తున్నాడు. రోగికి ఇచ్చే తక్రమూ ఇంట్లో తాగే తక్రమూ ఒకటి కానవసరం లేదు కదా.

వీళ్లిద్దరి తర్వాత చాలాకాలానికి, 16వ శతాబ్దంలో, భావమిశ్రుడనే వైద్యుడు వచ్చాడు. ఆయన భావప్రకాశంలో ద్రవ్యాల గుణాలు చెప్పే భాగాన్ని నిఘంటువనే అంటారు. అందులో మజ్జిగ కోసం తక్రవర్గం అని ప్రత్యేకంగా ఒక వర్గమే ఉంది. ఆయన మూడుతో ఆగలేదు, ఐదు చెప్పాడు.

ససరం నిర్జలం ఘోలం మథితం త్వసరోదకమ్
తక్రం పాదజలం ప్రోక్తముదశ్విత్త్వర్ధవారికమ్
ఛచ్ఛికా సారహీనా స్యాత్ స్వచ్ఛా ప్రచురవారికా

సరం అంటే మీగడ. మీగడ ఉండి నీళ్లు లేనిది ఘోలం. మీగడా లేక నీళ్లూ లేనిది మథితం. పావు నీళ్లది తక్రం, సగం నీళ్లది ఉదశ్విత్. ఇక సారం పోయి, తేటగా, బోలెడు నీళ్లున్నది ఛచ్ఛిక. ఉత్తరాదివాళ్ల ఛాఛ్, గుజరాతీల ఛాస్ ఈ మాటకు చుట్టాలే.

ఈ పద్యం నాకెందుకంత ఇష్టమో చెప్తాను. భావమిశ్రుడు రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతున్నాడు. మీగడ ఉందా, తీసేశారా? నీళ్లు పోశారా, లేదా? చాలామందికి ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. పలచగా ఉంది అంటే నీళ్లు పోశారనే అనుకుంటాం. కానీ మీగడ తీసేసినా పలచనే, నీళ్లు పోసినా పలచనే. ఒకటి ఉన్నదాన్ని తీయడం, ఇంకొకటి లేనిదాన్ని కలపడం. ఈ తేడా ఎంత ముఖ్యమో పాలకేంద్రంలో పనిచేసినవాళ్లకు తెలుసు. పాలల్లో నీళ్లు పోస్తే సాంద్రత తగ్గుతుంది, లాక్టోమీటర్ లోతుకు దిగుతుంది, దొంగతనం బయటపడుతుంది. అదే పాలల్లోంచి వెన్న తీస్తే సాంద్రత పెరుగుతుంది, ఎందుకంటే నీళ్లకన్నా తేలికైనది వెన్నే. అందుకని తెలివైనవాడు ముందు వెన్న తీసి, ఆ తర్వాత లెక్క చూసి నీళ్లు పోస్తాడు. లాక్టోమీటర్‌కు ఏమీ తెలియదు, మామూలు పాలేనంటుంది. కాబట్టే ఈనాటి చట్టం ఒక్క కొలతతో ఊరుకోక, వెన్న శాతం వేరుగా, వెన్న కాని ఘనపదార్థాల శాతం వేరుగా కొలవమంటుంది. సరం వేరు, జలం వేరు అని భావమిశ్రుడు పెట్టిన లెక్కే అది.

ఛచ్ఛిక దగ్గర ఇంకొక మాట. సారం పోయిన నీళ్లకు ఏం గౌరవముంటుంది అనుకుంటాం. ఆయన అలా అనుకోలేదు. అది చల్లనిది, తేలికైనది, పిత్తాన్నీ అలసటనూ దప్పికనూ పోగొడుతుంది, ఉప్పు వేసుకుంటే ఆకలి పుట్టిస్తుంది అని దానికీ గుణాలు రాశాడు. చలివేంద్రంలో ముంతతో పోసే ఉప్పు మజ్జిగ ఇదే కదా. నీళ్లెక్కువైనంత మాత్రాన దాన్ని చెడిపోయిన తక్రం అనలేదు. దాని పేరు దానికిచ్చి, దాని పని దానికి చెప్పాడు. నేను ఈ వేళ చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇదే. పాత నిఘంటువుల్లో నీళ్లు కలపడం నేరం కాదు. నీళ్లు కలిపాక పాత పేరుతోనే పిలవడం నేరం.

అమరంలో మజ్జిగ పంక్తి తర్వాత పంక్తి కూడా చెప్పేస్తాను, మళ్లీ మర్చిపోతాను. పెరుగు మీద తేరిన తేటకు మస్తు అని పేరు. తెలంగాణ మస్తుకూ దీనికీ పోలిక వెతక్కండి, ఆ మాట వేరు. ఈనిన ఆవు కొత్తపాలకు పీయూషం అని పేరు. అంటే జున్నుపాలన్నమాట. పీయూషమంటే అమృతం కూడా. జున్ను తిన్నవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

సరే, ఉదశ్విత్ అన్న మాట ఎలా పుట్టింది? ఉదం అంటే నీరు. శ్వి అన్న ధాతువుకు ఉబ్బడం, పెరగడం అని అర్థం. నీళ్లతో పెరిగేది ఉదశ్విత్. ఈ మాట ఎంత పాతదంటే పాణిని దీని కోసం ఒక సూత్రమే రాశాడు, ఉదశ్వితోఽన్యతరస్యామ్ అని. ఉదశ్విత్తులో వండిన పదార్థానికి ఏ ప్రత్యయం రావాలో చెప్పే సూత్రమది. అంటే అప్పటికే సగం నీళ్ల మజ్జిగతో వంటలుండేవి. మన మజ్జిగపులుసుకు పెద్దలన్నమాట!

నీళ్లు పోస్తే మజ్జిగ పెరిగింది అని చూశాడు సంస్కృతం మాట్లాడినవాడు. ఇప్పుడు లాటిన్ మాట్లాడినవాణ్ని చూడండి. ఇంగ్లీషులో పలచన చేయడాన్ని డైల్యూట్ అంటారు కదా, దాని మూలం లాటిన్‌లో డిలూఎరె. కడిగేయడం, కడిగి పోగొట్టడం అని అర్థం. వాడికి నీళ్లు పోస్తే ఉన్నది కొట్టుకుపోతున్నట్టు కనిపించింది. ఒకే గిన్నె, ఒకే చెంబుడు నీళ్లు. ఒకడికి పెరిగినట్టుంది, ఒకడికి పోయినట్టుంది.

శామ్యూల్ జాన్సన్ 1755లో అచ్చువేసిన ఇంగ్లీషు నిఘంటువులో ఈ మాటకు రెండర్థాలిచ్చాడు. వేరే భాగాలు కలిపి పలచగా చేయడం ఒకటి, బలహీనం చేయడం రెండోది. రెండూ దగ్గరివే కానీ ఒకటి కావు. నీళ్లతో తక్రం పలచబడుతుంది, బలహీనపడదు, సగం నీళ్లున్నా సుశ్రుతుడు దాన్ని మందుగానే ఇచ్చాడు. జాన్సన్ గొప్పతనం అర్థాల్లో కంటే ఉదాహరణల్లో ఉంది. పలచబరిచే పదార్థం అన్న మాట కింద ఆయన ఆర్బత్‌నాట్ అనే వైద్యుడి వాక్యం ఎత్తి రాశాడు. ఆయన ఆన్ రాణి ఆస్థాన వైద్యుడు, ఆహారం మీద పుస్తకం రాసినవాడు. ఆ వాక్యం సారం తెలుగులో చెప్తాను: నీరు తప్ప నిజంగా పలచబరిచేది మరొకటి లేదు, ఏ ద్రవమైనా పలచబరుస్తోందంటే తనలో నీరు ఉండబట్టే. ఎంత సూటిగా ఉందో చూడండి. పాలతో కాఫీ పలచబడిందంటే పలచబరిచింది పాలు కాదు, పాలలోని నీరు.

ఇంకో ఉదాహరణ న్యూటన్‌ది. గాజుపట్టకంతో వెలుగును రంగులుగా విడదీసే ప్రయోగంలో, గది చీకటి చేశాం, బయటి వెలుగు వచ్చి కలిసి ఈ రంగులు పలచబడి బలహీనపడకుండా, అని రాశాడాయన. రంగులో వెలుగు కలిస్తే కూడా పలచనే! నీళ్ల మాట గిన్నె దాటి వెలుగు దాకా వెళ్లింది. మన ఊళ్లో పెళ్లిపందిట్లో సినిమా తెర కట్టినప్పుడు, ఎవరైనా తలుపు తీస్తే బొమ్మ వెలవెలబోయేది. న్యూటన్ చెప్పింది అదే.

తెలుగువాడు దీన్ని ఎలా చూశాడు? మనది పలుచన. వాడుకలో పలచన. ఈ మాటను ఎక్కడెక్కడ వాడతామో ఒకసారి గుర్తు చేసుకోండి. పలచని బట్ట. జుట్టు పలచబడింది. పైరు పలచగా మొలిచింది. సంతలో జనం పలచగా ఉన్నారు. చారు పలచగా కాచావేం? అన్నిటిలోనూ మనం చూసేది ఒకటే, మధ్యమధ్య ఖాళీ. నేతలో పోగుకూ పోగుకూ మధ్య, చేలో మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం. సంస్కృతం నీళ్లతో పెరగడాన్ని చూసింది, లాటిన్ కడుక్కుపోవడాన్ని చూసింది, తెలుగు ఎడాన్ని చూసింది. దీనికి ఎదురు మాట చిక్కన. చిక్కటి పాలు, చిక్కటి చీకటి, చిక్కటి అడవి. ఎడం లేకుండా అల్లుకుపోయినది. చేనేతవాళ్లూ రైతులూ పుట్టించిన మాటలా ఉంది నాకు, రుజువు చూపమంటే చూపలేను.

ఆ మాట మనిషికి ఎక్కిన తీరు చూడండి. నలుగురిలో నన్ను పలచన చేశాడు అంటాం. గౌరవంలో నీళ్లు పోశాడన్నమాట. పదిమందిలో చిక్కగా ఉన్న మనిషి ఒక్క మాటతో పలచనైపోతాడు. ఇంగ్లీషులో మనిషికి ఇలా వాడరు. ఈ ఒక్క వాడుక చాలు, తెలుగులో పలచన అన్న మాట బరువెంతో తెలియడానికి.

నీరుగార్చడం అని ఇంకో మాటుంది. పత్రికల్లో రోజూ చూస్తాం, చట్టాన్ని నీరుగార్చారు, ఉద్యమాన్ని నీరుగార్చారు అని. దీన్ని పలచన చేయడంతో కలిపేస్తారు చాలామంది. నా మటుకు ఇవి వేరు. పలచన చేయాలంటే రెండు వస్తువులు కావాలి, బయటినుంచి ఏదో ఒకటి వచ్చి కలవాలి. నీరుగారడానికి రెండోది అక్కర్లేదు. ఉన్నదే నీరై కారిపోతుంది. ఉత్సాహం నీరుగారిపోయింది అంటే ఎవరూ వచ్చి నీళ్లు కలపలేదు, అదే కరిగి పోయింది. చట్టంలో మినహాయింపులు చేర్చితే అది పలచన చేయడం. చట్టం అలాగే ఉండి అమలు చేసేవాడు లేకపోతే అది నీరుగార్చడం. రాసేవాళ్లు ఈ తేడా పాటిస్తే బాగుంటుంది.

వంటింటి మాటలు నిఘంటువులకు పూర్తిగా అందలేదు. దోసెల పిండి ఎంత పలచగా ఉండాలి? వెనక కూర్చున్న అమ్మ చెప్తున్నారు... ఏమన్నారమ్మా? గరిటెజారుగా. అదీ! గరిటె ఎత్తితే జారిపోవాలి, అంటిపెట్టుకోకూడదు. ఎన్ని గ్లాసుల నీళ్లని ఎవరూ చెప్పరు, గరిటె చెప్తుంది. పాకానికైతే లేతపాకం, తీగపాకం, ఉండపాకం. అక్కడ నీళ్లు కలపడం కాదు, నీళ్లు తీసేయడం. రెండువేళ్ల మధ్య తీగ సాగిందా లేదా అన్నదే కొలత. బియ్యం కడిగితే కడుగు, అన్నం వారిస్తే గంజి, గంజిలో నీళ్లు పోసి పులియబెట్టుకుంటూ పోతే తరవాణి, కడుగూ తవుడూ కలిపి గొడ్లకు పెడితే కుడితి. నీళ్లు ఏ మెట్టు దగ్గర కలిశాయో దాన్ని బట్టి పేరు. బంగారంలో కూడా ఇంతే, పదారువన్నె అంటే మేలిమి, అందులో ఏది కలిసినా వన్నె తగ్గేది. అంకె పేరులోనే ఉండేది.

మా అమ్మమ్మ గురించి చెప్పకుండా నేను ఈ విషయం మాట్లాడలేను. కృష్ణా డెల్టాలో పల్లెటూరు. రెండు గేదెలు. తెల్లవారకముందే చల్ల చిలికేది. స్తంభానికి తాడు, తాడుకు కవ్వం, కింద కుదురు మీద కుండ. ఆ చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. వెన్న తేలాక చేతులు చన్నీళ్లలో ముంచి ఉండ చేసి తీసేది. ఆ తర్వాత గుమ్మంలోకి ముంతలు వచ్చేవి. మా ఊళ్లో పాలు అమ్మేవాళ్లు, చల్ల మాత్రం అమ్మేవాళ్లు కాదు. పాడి ఉన్న ఇల్లు పాడి లేని ఇంటికి చల్ల ఊరికే పోయాలి. చల్లకు వచ్చి ముంత దాచడమెందుకన్న సామెత ఆ గుమ్మాల్లోనే పుట్టింది. అడగడానికి సిగ్గుపడి కొంగు చాటున ముంత పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లను నేను చూశాను.

ముందు వచ్చినవాళ్లకు చిక్కగా దొరికేది. పొద్దెక్కి వచ్చినవాళ్లకు కుండలో అడుగంటిందే దిక్కు. అమ్మమ్మ చెంబుతో నీళ్లు పోసి కుండ తిప్పి వాళ్ల ముంతలో పోసేది. పోసేటప్పుడు ప్రతిసారీ చెప్పేది, ఇవి చల్ల కాదే తల్లీ, చల్లనీళ్లు, రేపు పెందరాళే రా అని. ప్రతిసారీ! ఊరికే ఇస్తున్నదే కదా, చెప్పకపోతే ఎవరడుగుతారు? అయినా పేరు మార్చకుండా ఎప్పుడూ పోయలేదు. చాలా ఏళ్ల తర్వాత అమరం చదువుతూ పాదాంబు, అర్ధాంబు అన్న దగ్గరకు వచ్చినప్పుడు నాకు అమ్మమ్మ గొంతే వినిపించింది.

ఒకసారి నేను దొంగతనం చేశాను. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దాచిన గిన్నెలోంచి సగం చల్ల తాగేసి, గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టాను. సాయంత్రం అమ్మమ్మ గిన్నె ఎత్తి ఒక పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి గిన్నె గోడ చూసింది. చిక్కటి చల్లైతే గోడకు తెల్లటి పూత పట్టి మెల్లగా దిగుతుంది. నీళ్లు కలిసినదైతే పూత నిలవదు, చుక్కలు చుక్కలుగా విడిపోయి జారిపోతుంది. ఆమె ఏమీ అనలేదు. రాత్రి అన్నంలో అదే పోసి, ఇవాళ నీకు చల్లనీళ్లే నాన్నా అంది. ఆ పేరు నా చెవిలో పడ్డప్పుడు ముద్ద దిగలేదు.

ఉద్యోగానికి కరీంనగర్ వైపు వెళ్లాక ఇంటావిడ సల్ల అనేవారు. సల్లచారు, సల్లమిరపకాయలు. మా వైపు చల్లపులుసు, చల్లమిరపకాయలు అనేవాళ్లం. పట్నంలో అందరూ మజ్జిగ అంటున్నారు. చల్లకే గతి లేకపోతే పెరుగుకు చీటీ రాశాడట అన్న సామెతలో మజ్జిగ పెట్టి చూడండి, ఆ ఊపు పోతుంది.

తెలుగు నిఘంటువుల సంగతి చూద్దాం. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో, సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో. బ్రౌన్ వాడుక మాటలను వదలకుండా పట్టుకున్నాడు, పండితులు కావ్యాల మాటలను పట్టుకున్నారు. ఎవరి గొప్ప వారిది. అమరంలా వరసగా పాళ్లు చెప్పే పద్ధతి మాత్రం వీటిలో నాకు కనిపించలేదు. చల్లనీళ్లకూ నీరుమజ్జిగకూ తేడా ఏమిటంటే ఇవాళ మనకు చెప్పేవాళ్లు ఇళ్లలోనే ఉన్నారు.

పాళ్లు చెప్పే పద్ధతి చచ్చిపోలేదు, చోటు మారింది. పొద్దున మీ ఇంటికి వచ్చే పాలప్యాకెట్ మీద చూడండి. టోన్డ్ అంటే వెన్న 3 శాతం, వెన్న కాని ఘనపదార్థం 8.5 శాతం. డబుల్ టోన్డ్ అంటే 1.5, 9. ఫుల్ క్రీమ్ అంటే 6, 9. మథితం, తక్రం, ఉదశ్విత్ లాగే ఒక్కో పేరుకు ఒక్కో లెక్క. టోన్డ్ పాలు 1940లలో బొంబాయిలో మొదలయ్యాయి. దారా ఖురోడీ అనే పాడి నిపుణుడి ఆలోచన అది. గేదె పాలల్లో వెన్న ఎక్కువ. వాటికి నీళ్లూ, వెన్న తీసిన పాలపొడీ కలిపితే పాలు పెరుగుతాయి, ధర తగ్గుతుంది, పేదవాడి బిడ్డకూ గ్లాసుడు పాలు అందుతాయి. 1963లో అమూల్‌ను నడిపిన కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌లతో పాటు ఆయనకూ మెగసెసే పురస్కారం వచ్చింది. పాలల్లో నీళ్లు పోసినవాడికి పురస్కారమా అని ఎవరైనా అడగొచ్చు. ఆయన నీళ్లు పోసి పేరు మార్చాడు. మా వీధిలో ఒకప్పుడు పాలు పోసినతను కూడా నీళ్లు కలిపేవాడు, పేరు మార్చలేదు, గుమ్మపాలే అమ్మా అనేవాడు. తేడా అక్కడుంది.

పిల్లలు ఇక్కడున్నారు కాబట్టి వాళ్ల పుస్తకంలో మాట. సజల ఆమ్లం, గాఢ ఆమ్లం అని చదువుతారు కదా. సజలం అంటే నీళ్లతో కూడినది. అమరం చెప్పిన నిర్జలానికి ఎదురు మాట. ఇది చక్కటి మాట, తెలుగు మాధ్యమం పుస్తకాలు మనకిచ్చిన మేలు. ఒక్క జాగ్రత్త చెప్తాను, నీళ్లలోకి ఆమ్లం మెల్లగా పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. వేడి పుట్టి చిమ్ముతుంది. అదే పుస్తకాల్లో పలచటి ద్రావణానికి విలీన ద్రావణం అని కూడా ఉంటుంది. పత్రికలో విలీనం అంటే రెండు సంస్థలు కలిసిపోవడం. ఒకే మాట రెండు చోట్ల. కలిసిన తర్వాత ఎవరు ఎవరిలో పలచబడ్డారన్నది పత్రికవాళ్లు చెప్పరు.

భర్తృహరి నీతిశతకంలో పాలూ నీళ్ల శ్లోకం ఒకటుంది, మన ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేశాడు దాన్ని. తనలో కలిసిన నీళ్లకు పాలు తన గుణాలన్నీ ఇచ్చేశాయి, తెలుపూ రుచీ అన్నీ. పొయ్యి మీద పెడితే పాలు కాగుతున్నాయని నీళ్లు తామే ముందు ఆవిరైపోయాయి. మిత్రుడు పోయాడని పాలు మంటలో దూకడానికి పొంగి వచ్చాయి. నీళ్లు చల్లగానే మిత్రుడు తిరిగొచ్చాడని శాంతించాయి. పాలు పొంగినప్పుడు మన ఆడవాళ్లు చెయ్యి తడిపి చిలకరిస్తారే, దాన్ని ఇంత అందంగా చూసినవాడు ఇంకొకడు లేడు. పాలూ నీళ్లలా కలిసిపోయారు అని మనం మంచి కాపురం గురించి అంటాం. కల్తీ అన్న అర్థం అక్కడ మచ్చుకైనా లేదు.

నాకిచ్చిన వేళ దగ్గరపడింది. ఒక పని మీకు అప్పగించి దిగుతాను. తలుపు దగ్గర బల్ల మీద తెల్ల చీటీలు పెట్టించాను. మీ ఇంట్లో, మీ ఊళ్లో, నీళ్లు కలిపిన మజ్జిగకు, గంజికి, పులుసుకు, కల్లుకు, రంగుకు, సున్నానికి ఏ పేరున్నా రాయండి. ఒక చీటీకి ఒక మాట. కింద ఊరి పేరు. దాని కింద నీళ్లెన్ని పోస్తే ఆ పేరు వస్తుందో, గిద్దల్లోనో గ్లాసుల్లోనో గరిటెల్లోనో, మీకు వచ్చిన లెక్కలో. ఇందాక గరిటెజారు అన్న అమ్మ ముందు రాస్తే బాగుంటుంది. కలం నా దగ్గరుంది, రండమ్మా.